పత్రికకు తపాలా బిళ్ల, పుస్తకానికి సొంత డబ్బు

వారపత్రికలు ఇంటింటికీ వెళ్లే రోజుల్లో వాటి లోపలి పేజీల్లో ఏదో ఒక మూల సన్నని అక్షరాలతో ఒక చిన్న గడి కనిపించేది. పైన ‘రచయితలకు సూచనలు’ అని ఉండేది. తెల్ల కాగితానికి ఒకవైపే రాయాలి. నకలు దగ్గర ఉంచుకోవాలి. కథ సొంతమేననీ, అనువాదమో అనుకరణో కాదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయాలి. తిప్పి పంపాలంటే చిరునామా రాసి తగినన్ని స్టాంపులు అంటించిన కవరు పెట్టాలి. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. తుది నిర్ణయం సంపాదకుడిది. చదివితే ఎవరో చండశాసనుడైన గుమాస్తా రాసినట్టుంటుంది గానీ, ప్రతి షరతు వెనకా పని తెలిసిన కారణమే ఉంది. చేత్తో అక్షరాలు పేర్చే అచ్చుకూటాల్లో ఒక కథను కాగితాలుగా విడదీసి ఇద్దరు ముగ్గురు కంపోజిటర్లకు పంచేవారు. కాగితానికి రెండువైపులా రాసి ఉంటే ఆ పంపకం కుదరదు. జిరాక్సు లేని కాలంలో కవరు దారిలో పోతే కథ పోయినట్టే, అందుకని నకలు. ఒకే కథ ఒకే ఏడాది రెండు దీపావళి సంచికల్లో ప్రత్యక్షమైతే రచయిత కన్నా ముందు నవ్వులపాలయ్యేది సంపాదకుడు, అందుకని హామీపత్రం. ఇక స్టాంపుల షరతు పత్రిక ఖర్చుకు సంబంధించింది. రోజూ వచ్చే కట్టలో వేసుకునేవి కొన్ని, తిప్పి పంపవలసినవి ఎన్నో.

ఇలాంటి గడి తెలుగు పుస్తక ప్రచురణకర్తల జాబితాల్లో వెతికితే దొరకడం కష్టం. పుస్తకాల వెనక అట్టమీద ‘మా ఇతర ప్రచురణలు’ ఉంటాయి, వెలలు ఉంటాయి, వి.పి.పి.లో తెప్పించుకునే విధానం ఉంటుంది. మీ రాతప్రతిని ఇలా పంపండి, ఇన్నాళ్లలో జవాబిస్తాం అనే మాట సాధారణంగా ఉండదు. ఈ తేడాను మనం పెద్దగా పట్టించుకోలేదు. తెలుగులో రచన ‘పంపడం’ అనే ఆచారం పత్రిక దగ్గరే పుట్టి, పత్రిక దగ్గరే ఆగిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషి రాసినదాన్ని చదివి, నచ్చితే తీసుకుని, నచ్చకపోతే తిప్పి పంపే పనిని మన పుస్తక సంస్థలు నూరేళ్లకు పైగా సాగిన అచ్చు చరిత్రలో తమ పనిగా పెట్టుకోలేదు. ఆ వడపోత పత్రికలు చేసిపెట్టాయి, ప్రచురణకర్తలు వడిసిన నీళ్లు పట్టుకున్నారు. పత్రికలు సన్నగిల్లాక తెలుగు రచయిత పుస్తకం విషయంలో ఒంటరివాడైపోవడానికి టీవీ వచ్చిందనీ పాఠకులు తగ్గారనీ కారణాలు చెబుతారు. వాటికన్నా పాతదీ లోతైనదీ ఈ కారణమని నా వాదన.

కవరు కన్నా ముందు కృతిభర్త ఉండేవాడు. కావ్యం రాసినవాడు సంస్థానానికో జమీందారీకో వెళ్లాలి, వెళ్లాలంటే ఎవరో ఒకరు లోపలికి తీసుకెళ్లాలి, సభలో చదివి మెప్పించాలి. అచ్చు యంత్రం వచ్చాక కూడా పందొమ్మిదో శతాబ్దమంతా ఈ పద్ధతే కొంచెం వేషం మార్చుకుని నడిచింది. అంకితం పుచ్చుకున్న ప్రభువే ముద్రణ ఖర్చు పెట్టుకునేవాడు. మనిషి వెళ్లకుండా రచన ఒక్కటే వెళ్లగలగడానికి ఊతమిచ్చింది 1854 నాటి తపాలా చట్టం. దూరంతో నిమిత్తం లేకుండా పావుతులం ఉత్తరం దేశంలో ఎక్కడికైనా అర్ధణాకు పోతుందని అది నిర్ణయించింది. కథల కాగితాలు పావుతులానికి మించి తూగుతాయి నిజమే. కానీ రుసుము బరువును బట్టే తప్ప మైళ్లను బట్టి ఉండదన్న ఏర్పాటుతో, మారుమూల పల్లెకూ మద్రాసుకూ మధ్య ఉన్న దూరం రచయిత లెక్కలోంచి తప్పుకుంది. అయితే వసతి వచ్చినంత మాత్రాన ఆచారం రాదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి, 1878లో రాజశేఖర చరిత్రమును అందులోనే విడతలుగా వేసుకుని, 1880లో పుస్తకంగా తెచ్చారు. ఆ నవల ఎవరి పరిశీలనకూ వెళ్లలేదు, ఎందుకంటే సంపాదకుడూ రచయితా ఆయనే. అయినా ముందు పత్రిక, తర్వాత పుస్తకం అనే వరస అక్కడ పడింది. ఆ వరస తర్వాత చెరగలేదు. మరో పదిహేనేళ్లకు న్యాపతి సుబ్బారావు ఆధ్వర్యంలోని చింతామణి నవలల పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం రామచంద్రవిజయానికి 1894లో అక్కడే బహుమతి వచ్చింది. తెలుగు నవలకు రాతప్రతి పంపే అలవాటు చేసినది పత్రిక పెట్టిన పోటీ అన్న సంగతి ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

1910 ఫిబ్రవరిలో మచిలీపట్నం ఆంధ్రభారతి గురజాడ దిద్దుబాటును వేసుకుంది గానీ, గురజాడ అప్పటికే పేరున్న మనిషి. అపరిచితుడి కవరుకు అసలు రోజులు కాశీనాథుని నాగేశ్వరరావు పత్రికలతో వచ్చాయి. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు చేరి దినపత్రికైంది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, భారతి, ఆ తర్వాత తెలుగు స్వతంత్ర, ఆంధ్రప్రభ వారపత్రిక, యువ, జ్యోతి, ఆంధ్రజ్యోతి — వీటి కార్యాలయాలకు వచ్చిన కవర్లు పంపినవారెవరో చూస్తే మన ఆధునిక సాహిత్యం సామాజికంగా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది. బడిపంతుళ్లు, రైల్వే గుమాస్తాలు, కోర్టు ఉద్యోగులు, గడప దాటని గృహిణులు. వీళ్లలో చాలామందికి కవి సమ్మేళనాలకు పిలుపు రాదు, వచ్చినా కొందరు వెళ్లలేరు. కవరుకు ఆ ఇబ్బంది లేదు. ముఖ్యంగా స్త్రీల విషయంలో ఇది చిన్న మార్పు కాదు. సభలో నిలబడి కావ్యం చదవాల్సి ఉన్న కాలంలో రచయిత్రుల సంఖ్య ఎంత, తలుపు దగ్గర పోస్టుమాన్ ఆగే కాలంలో ఎంత అని పోల్చి చూసుకుంటే చాలు. పోటీలు ఈ తలుపును ఇంకా బార్లా తీశాయి. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో 1952లో పాలగుమ్మి పద్మరాజు గాలివానకు రెండో బహుమతి వచ్చాక పోటీకి కథ పంపడం తెలుగునాట ఒక పండగ పనైంది. పోటీ ఫలితాల పేజీలో బహుమతుల కింద ‘సాధారణ ప్రచురణకు స్వీకరించినవి’ అని ఒక పట్టిక ఉండేది. తెలుగు కథకుల్లో ఎంతోమంది పేరు మొదట అచ్చులో కనిపించింది ఆ పట్టికలోనే.

సంపాదకుడు వడపోతతో ఆగలేదు. చందమామలో కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా ఉన్నారు. బయటివాళ్లు పంపిన కథలను ఆయన తన తీరులో తిరగరాసి వేసేవారు. ఆ పత్రికకు వచ్చిన రచన ముడిసరుకు కిందే లెక్క, ఇన్నేళ్ల సంచికలు ఒకే గొంతుతో మాట్లాడినట్టు అనిపించడానికి అదే కారణం. వారపత్రికల్లో ఇంత ఉండేది కాదు గానీ, నిడివి కోయడం, పేరు మార్చడం, ముగింపు సర్దమని కార్డు రాయడం మామూలే. ఇదంతా జీతమిచ్చి పెట్టుకున్న మనుషులు చేసిన పని. పత్రికకు ప్రతి వారం పేజీలు నిండాలి, నిండకపోతే సంచిక లేదు. అపరిచితుడి కవరు విప్పాల్సిన అవసరం ఆ ఆకలిలో ఉంది. పుస్తక ప్రచురణకు అలాంటి ఆకలి లేదు. ఈ వారం కొత్త పుస్తకం రాకపోతే అడిగేవాడుండడు.

ఆ అవసరం లేనిచోట ఏం జరిగిందో మన పెద్ద పుస్తకాల చరిత్రే చెబుతుంది. మహాప్రస్థానంలోని గీతాలు 1930లలోనే పత్రికల్లో పడి చేతులు మారాయి. చలం దానికి యోగ్యతాపత్రం 1940లో రాశారు. పుస్తకం 1950లో వచ్చింది. పీఠికకూ పుస్తకానికీ మధ్య పదేళ్లు! చివరికి దాన్ని అచ్చువేసినవాడు మచిలీపట్నంలోని ఒక అభిమాని, నళినీకుమార్. శతాబ్దపు కవితాగ్రంథం అని అందరూ ఒప్పుకునే పుస్తకం ఏ వ్యాపార సంస్థ బల్లమీదా పరిశీలనకు కూర్చోలేదు. బుచ్చిబాబు చివరకు మిగిలేది నవోదయ పత్రికలో విడతలుగా వచ్చిన కొన్నేళ్లకు 1952లో పుస్తకమైంది. చాసో 1940లలోనే భారతి పాఠకులకు తెలిసిన కథకుడు, ఆయన కథల సంపుటం చేతికి రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. పత్రిక రెండు నెలల్లో తేల్చేదానికి పుస్తకం రెండు దశాబ్దాలు తీసుకుందంటే, ఆ రెండింటికీ మధ్య ఎవరో చేయాల్సిన పని ఎవరూ చేయలేదనే అర్థం.

దీనికి ఎదురుమాటలు ఉన్నాయి. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో పెట్టిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుస్తకాల కోసమే పుట్టిన సంస్థ కదా, నవలల పోటీలు కూడా పెట్టింది కదా అనవచ్చు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు భుజాన మోసుకుని అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామిని ఎలా మరచిపోతామనీ, 1953 నుంచి విశాలాంధ్ర, 1980 నుంచి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ చేసినది పుస్తక సంపాదకత్వం కాదా అనీ అడగవచ్చు. ఇవి గట్టి పేర్లే. కానీ వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక లక్షణం ఉంది: ప్రతి సంస్థకూ ముందే ఒక ఆశయం ఉంది, ఆ ఆశయానికి తగిన పుస్తకాన్ని అది వెతుక్కుంది లేదా రాయించుకుంది. విజ్ఞానచంద్రిక చరిత్రనూ శాస్త్రాలనూ జనానికి చేర్చాలనుకుంది, విశాలాంధ్రకు ఒక రాజకీయ ధ్యేయం ఉంది, బుక్ ట్రస్ట్ ప్రపంచంలోని పోరాటాల సాహిత్యాన్ని చవకగా తెలుగులోకి తేవాలనుకుంది. ఎవరికి ఏం కావాలో వాళ్లు తెచ్చుకోవడం గొప్ప పనే. ఎవరు ఏం రాశారో తెరిచి చూడటం వేరే పని. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెడితే విశ్వనాథ వేయిపడగలు, అడవి బాపిరాజు నారాయణరావు బహుమతిని చెరిసగం పంచుకున్నాయి. ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించిన అంత పెద్ద నవల రాతప్రతిని ఓపిగ్గా చదివిన న్యాయనిర్ణేతలను సమకూర్చింది విశ్వవిద్యాలయం. ప్రచురణ సంస్థ కాదు.

1960లూ 70లూ వచ్చేసరికి ఈ ఏర్పాటు ఎంత సాఫీగా నడిచిందంటే, దాని లోపం ఎవరికీ కనపడలేదు. జ్యోతి మాసపత్రికలో వచ్చిన యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ లాంటి సీరియల్ కోసం పాఠకులు ఎదురుచూసేవారు, పేజీలు చించి బైండు చేయించుకునేవారు. ప్రచురణకర్త కన్నా ముందు పాఠకురాలే పుస్తకం తయారుచేసుకుందన్నమాట. అంత గిరాకీ ఉందని తెలిశాక ఎమెస్కో పాకెట్ పుస్తకంగానో, విజయవాడ సంస్థలు డెమ్మీ సైజులోనో అదే నవల వేస్తే నష్టమొచ్చే ప్రశ్న లేదు. అద్దె లైబ్రరీలు ఉండనే ఉన్నాయి. 1960 గ్రంథాలయాల చట్టం తర్వాత జిల్లా గ్రంథాలయ సంస్థల కొనుగోళ్లు మరో ఆసరా అయ్యాయి. వారపత్రిక ఒక ఏడాది పాటు ఉచితంగా పరీక్ష చేసిపెడితే సొంతంగా రాతప్రతులు చదివే సిబ్బందిని పెట్టుకోవడానికి ప్రచురణకర్తకు ఏం పట్టింది? వ్యాపారంగా చూస్తే అతనిది తెలివైన పనే, తప్పు పట్టలేం. కానీ ఆ ఏర్పాటులో రచయితకు దక్కిన స్థానం ఏపాటిదో రంగనాయకమ్మ చేసిన పని చెబుతుంది. ఆంధ్రప్రభ సీరియళ్లతో లక్షలమంది చదివిన రచయిత్రి తన పుస్తకాలు తానే వేసుకునేందుకు స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పెట్టుకున్నారు. అంత పాఠకబలం ఉన్న మనిషికే సొంత ప్రచురణ మేలనిపించిందంటే, రెండు కథలు అచ్చయిన కుర్రవాడి సంగతి చెప్పేదేముంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. పత్రిక తలుపు అందరికీ తెరిచి ఉందని ఎవరన్నారు? కవరులో ముఖం కనపడకపోవచ్చు, ఇంటిపేరు కనిపిస్తుంది, ఊరు కనిపిస్తుంది, అన్నిటికీ మించి భాష కనిపిస్తుంది. పేరుకు ఎంత బరువుందో, రచయిత్రుల నవలలు రాజ్యమేలిన రోజుల్లో మగవాళ్లు ఆడపేర్లతో రాయడంలోనే తెలుస్తోంది. ఆంధ్రజ్యోతి సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్యశర్మే పురాణం సీత పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాశారాయె! నిజాం రాజ్యంలోని రచయితకైతే అడ్డంకి తపాలా బిళ్లతోనే మొదలయ్యేది. హైదరాబాదుకు సొంత తపాలా శాఖ, సొంత బిళ్లలు ఉండేవి, అవి రాజ్యం లోపలే చెల్లేవి. బిళ్ల దొరికించుకుని పంపినా అవతల కోస్తా జిల్లాల వాడుకే ప్రమాణమనుకునే బల్ల ఉంది. తెలంగాణలో కవులు పూజ్యమని ముడుంబ వేంకటరాఘవాచార్యులు రాసినప్పుడు గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ పద్యాలు సేకరించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తలుపు మూసి ఉందన్న ఫిర్యాదుకు ఆయన ఇచ్చిన జవాబు ఇంకో తలుపు కట్టడం. 1965లో దిగంబర కవులు ఏ సంపాదకుడినీ అడగకుండా సంపుటి వేసి హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1993లో స్త్రీవాదుల నీలిమేఘాలు, 1995లో దళిత కవుల చిక్కనవుతున్న పాట, 1998లో ముస్లిం కవుల జల్‌జలా వచ్చాయి. వీటి వెనకా ఇలాంటి కథే ఉంది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పైగా ఇది నా వాదనకు బలమే ఇస్తుంది. పత్రిక తలుపు దగ్గర ఆగిపోయినవాళ్లు పుస్తక సంస్థ తలుపు తట్టలేదు, తట్టాలని వాళ్లకు తోచనుకూడా లేదు. తమలో ఒకరిద్దరిని సంపాదకులను చేసుకుని, రచనలు పిలిచి, చందాలు పోగుచేసి పుస్తకం వేసుకున్నారు. అంటే ప్రచురణ సంస్థలో ఉండవలసిన పంపడం, చదవడం, ఏరడం అనే పనులను ఉద్యమం తాత్కాలికంగా సమకూర్చింది. సంపుటి వచ్చాక ఆ ఏర్పాటు చెదిరిపోయింది. తర్వాత ఆ కవుల్లో ఎవరు సొంత పుస్తకం వేయాలన్నా మళ్లీ చేతి డబ్బే.

చేతి డబ్బుతో వేసిన పుస్తకాన్ని గుర్తుపట్టడం సులువు. వివరాల పేజీలో ప్రచురణకర్త పేరు దగ్గర భార్య పేరో, అబ్బాయి పేరుమీద ఒక ‘పబ్లికేషన్స్’ పేరో ఉంటుంది. ‘ప్రతులకు’ అన్న మాట కింద రచయిత ఇంటి నంబరు, ఆ తర్వాత ‘అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలు’. ప్రతులు ఐదొందలో వెయ్యో. సగం ఆవిష్కరణ సభలోనూ సమీక్షలకూ మిత్రులకూ పోతాయి, మిగిలినవి మంచం కింద ఉంటాయి. ఈ పేజీలోనే అప్పుడప్పుడు మరో వాక్యం కనిపిస్తుంది: తెలుగు విశ్వవిద్యాలయం ఆర్థిక సహాయంతో అనో, ధార్మిక గ్రంథమైతే తిరుమల తిరుపతి దేవస్థానం ఆర్థిక సహాయంతో అనో. తమాషా ఏమిటంటే, దరఖాస్తుతో పాటు రాతప్రతి పెట్టి, పరిశీలకులకు పంపి, ఔననో కాదనో చెప్పే పద్ధతి మన పుస్తక లోకంలో కాస్త నిలకడగా ఉన్నది ఈ సహాయ పథకాల్లోనే. ప్రచురణ సంస్థ పెట్టని బల్ల విశ్వవిద్యాలయమూ దేవస్థానమూ పెట్టాయి. పూర్వం కృతిభర్త చేసిన పనిలో సగం మళ్లీ అక్కడికే చేరిందనుకోవచ్చు. సొంత ప్రచురణ నామోషీ అని నేననడం లేదు, మహా మహా పుస్తకాలు అలాగే వచ్చాయి. కానీ వేసేవాడూ రాసినవాడూ ఒకరే అయినప్పుడు ఆ మూడో అధ్యాయం తీసేయమని చెప్పే మనిషి ఉండడు.

భారతి 1991లో ఆగింది. ఆ తర్వాత ఒక్కొక్క వారపత్రికా ఆదివారం అనుబంధంలోకి కుంచించుకుపోయింది, నెలకో నవల ఇచ్చిన చతుర, కథల విపుల కూడా అచ్చులో లేవు. అనుబంధంలో కథకు దొరికే చోటు రెండు మూడు పేజీలు. సీరియల్ పోవడంతో నవలను పరీక్షించే యంత్రమే పోయింది. అంతర్జాలంలో కొంత తిరిగి వచ్చింది. 1998లో అమెరికా తెలుగువారు మొదలుపెట్టిన ఈమాట, వచ్చిన రచనను సమీక్షకులకు పంపి, వారి అభిప్రాయాలను రచయితకు చేరవేసి, మార్పులు అడిగే పద్ధతి పెట్టుకుంది. వెనకటి పత్రికలు ‘ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు’ అన్నచోట ఇది ఉత్తర ప్రత్యుత్తరాలనే పని చేసుకుంది. తిరుగు కవరులో కారణం లేకుండా వచ్చిన కథ కన్నా కారణంతో వచ్చిన కథ రచయితకు ఎక్కువ పనికొస్తుంది, కొందరికి కోపం తెప్పించినా సరే. అయితే అది కూడా పత్రికే. ఈమధ్య హైదరాబాదులో ఛాయ, అన్వీక్షికి లాంటి సంస్థలు కొత్త రచయితల పుస్తకాలు వేస్తున్నాయి కదా అంటే, వేస్తున్నాయి, సంతోషం. పుస్తక సంస్థ తానే రాతప్రతి చదివి తేల్చే ఆచారం తెలుగులో వేళ్లూనిందని చెప్పడానికి ఇంకొన్ని ఏళ్లు గడవాలి.

పత్రిక ఏరినదాన్ని పుస్తకం ఎంత వదిలేసిందో కళ్లతో చూడాలంటే శ్రీకాకుళం వెళ్లాలి. కాళీపట్నం రామారావు యజ్ఞంతో తొమ్మిదికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న ఆయన అక్కడ కథానిలయం తెరిచారు. తెలుగు కథలన్నీ సంపుటాల్లోకి ఎక్కి ఉంటే అలాంటి ఇల్లు అవసరమయ్యేది కాదు. ఎక్కనివే ఎక్కువ గనుక పాత సంచికలు వెతికి, కథ కథకూ జాబితా రాసి, రచయితలనూ వాళ్ల పిల్లలనూ అడిగి తెప్పించాల్సి వచ్చింది. అచ్చయిన కథ చింపిన పేజీలు, జిరాక్సులు, కొన్నిటికి రచయిత దగ్గర మిగిలిన ఒక్క ప్రతి — ఇవన్నీ మళ్లీ కవర్లలోనే ఆ ఊరు చేరాయి. వీటికి హామీపత్రం అడగలేదు, తిరుగు స్టాంపులూ అక్కర్లేకపోయింది.